ఏ పురుగుకు ఏ మాత్ర

ఫిబ్రవరి 10న మన బడుల్లో మధ్యాహ్న భోజనం అయ్యాక పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి తలా ఒక మాత్ర ఇస్తారు. "మింగొద్దు, నమిలి తినండి" అంటూ టీచరు పక్కనే నిలబడి చూస్తుంది. అది 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్. జాతీయ నులిపురుగుల నివారణ దినం 2015లో కొన్ని రాష్ట్రాల్లో మొదలై, మరుసటి ఏడాదికి దేశమంతా విస్తరించింది. ఆగస్టులో రెండో విడత ఉంటుంది. ఏడాది నిండిన బిడ్డ దగ్గర్నుంచి పందొమ్మిదేళ్ల కాలేజీ పిల్ల దాకా అందరికీ ఇదే మందు. రెండేళ్లు నిండనివాళ్లకు సగం మాత్ర, అదీ మెత్తగా నలిపి నీళ్లలో కలిపి పట్టాలి.

అందరి చేతిలోనూ ఒకే మాత్ర. అది దిగే పొట్టల్లో ఉన్న పురుగు మాత్రం ఒకటే కాదు. ఒక పిల్లవాడి పేగుల్ని ఆ మాత్ర ఊడ్చి పెట్టినంత శుభ్రం చేస్తుంది. పక్కన కూర్చున్నవాడి పేగుల్లోని పురుగు దాన్ని దాదాపు లెక్కచెయ్యదు. పురుగుల మందుల్లో ఏది మంచిది అని నన్ను చాలామంది అడుగుతుంటారు. ఏ పురుగుకు, ఎన్ని రోజులు వేసుకోగలరు అని నేను తిరిగి అడుగుతాను. ఈ రెండు ప్రశ్నలు తేలకుండా మందుల్ని పోల్చడం కుదరదు.

"నులిపురుగులు" అనే మాటతో మనం అన్నిటినీ ఒకే మూట కట్టేశాం. మూట విప్పితే ముఖ్యంగా మూడు కనిపిస్తాయి. ఏలికపాము చూడటానికి పాలిపోయిన వానపాములా ఉంటుంది. ఆడది జానెడు నుంచి, మూరకు కాస్త తక్కువ దాకా పెరిగి, రోజుకు సుమారు 2 లక్షల గుడ్లు పెడుతుంది. అది దేన్నీ పట్టుకుని ఉండదు. చిన్నపేగులో, జారిపోతున్న ఆహారానికి ఎదురీదుతూ బతుకుతుంది. కొంకి పురుగు సెంటీమీటరే ఉంటుంది కానీ పేగు గోడను కొరికి పట్టుకుని రక్తం తాగుతుంది. మూడోది కొరడా పురుగు. కొరడా తోకలా సన్నగా ఉండే దాని ముందు భాగం పెద్దపేగు మొదట్లో, లోపలి పొరలో దారంలా కుట్టుకుపోయి ఉంటుంది. లావుగా ఉండే వెనక భాగం మాత్రమే పేగులోకి వేలాడుతుంది. ఒకటి ఈదుతుంది, ఒకటి కరుచుకుంటుంది, ఒకటి కుట్టుకుపోతుంది. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, ముందుముందు పనికొస్తుంది. ప్రపంచంలో సుమారు 150 కోట్ల మంది పేగుల్లో ఈ మూడింటిలో ఏదో ఒకటి ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క.

బెల్లం ఎక్కువ తింటే కడుపులో పురుగులు పడతాయని మా ఇంట్లో పెద్దవాళ్లు చెప్పేవారు. మీ ఇంట్లోనూ చెప్పే ఉంటారు. పురుగు బెల్లంలోంచి పుట్టదు. ఆరుబయట పడ్డ మలంలోని గుడ్లు మట్టిలో పక్వమై, చేతుల మీదుగా, కడగని ఆకుకూర మీదుగా నోట్లోకి వస్తాయి. కొంకి పురుగుకు నోటితో పని కూడా తక్కువే. కైరోలో ఆర్థర్ లూస్ అనే జర్మన్ పరిశోధకుడు 1898లో దాని లార్వాలున్న నీటిచుక్కను పొరపాటున చేతి మీద ఒలకబోసుకున్నాడు. అక్కడ చర్మం ఎర్రబడి దురద పుట్టింది. కొన్ని వారాల తర్వాత తన మలంలోనే గుడ్లు కనిపించాయి. చెప్పుల్లేని కాలు ఎందుకు ప్రమాదమో ఆ ఒక్క చుక్క బయటపెట్టింది.

మందుల కథ ఇంతకంటే పాతది. మన వైద్యంలో వాయువిడంగాలు, మోదుగ గింజలు ఉండేవి. విరేచనానికి ఆముదం ఉండనే ఉంది. నా చిన్నప్పుడు ఆముదం పట్టే రోజు తెల్లవారకముందే నేను పెరట్లో దాక్కునేవాణ్ణి. ఐరోపాలో శాంటోనిన్ అనే మందు వాడేవారు. మధ్య ఆసియాలో పెరిగే ఒక మాచిపత్రి జాతి మొగ్గల నుంచి దాన్ని తీసేవారు. అది ఏలికపాముల్ని కదిలిస్తుంది, తర్వాత విరేచనాల మందు వాటిని బయటికి తోస్తుంది. మోతాదు కాస్త మించితే రోగికి లోకమంతా పసుపు పచ్చగా కనిపించేది.

కొంకి పురుగుకు 20వ శతాబ్దం మొదట్లో పెద్ద మందు థైమాల్. మన వాముకు ఆ ఘాటు వాసన వచ్చేది ఈ పదార్థం వల్లే. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో 1909లో రాక్‌ఫెల్లర్ డబ్బుతో మొదలైన ఉద్యమం లక్షల మందికి థైమాల్ మింగించి, వెంట విరేచనాల ఉప్పు ఇచ్చింది. ఆ రోజు నూనె, మద్యం ముట్టుకోకూడదని గట్టిగా చెప్పేవారు. నూనెలో కరిగితే థైమాల్ రక్తంలోకి ఎక్కి పురుగు బదులు మనిషినే దెబ్బతీస్తుంది. తర్వాత 1921లో మారిస్ హాల్ అనే పశువైద్య పరిశోధకుడు కార్బన్ టెట్రాక్లోరైడ్‌ను కుక్కల మీద పరీక్షించి, ఆపైన తానే మింగి చూశాడు. పురుగులు బాగా పోయాయి. ఆ ఉత్సాహంలో దాన్ని ఎన్నో దేశాల్లో వాడారు. అది కాలేయాన్ని పాడుచేస్తుందని, కొందరి ప్రాణాలే తీస్తుందని తేలాక వదిలేశారు. ఆ రోజుల్లో పురుగుల మందంటే పురుగుకూ మనిషికీ కలిపి పోసే విషం. ముందు పురుగు చావాలి, అంతే. మనిషికి అంటకుండా పురుగుకు మాత్రమే తగిలే దెబ్బ కోసం వెతుకులాట తర్వాత మొదలైంది.

ఆ వెతుకులాటలో మనవాడు ఒకరున్నారు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధనలకు నాయకత్వం వహించారు. పసిఫిక్ దీవుల్లో యుద్ధం చేసి వచ్చిన సైనికులకు ఫైలేరియా సోకింది. దానికి మందు వెతుకుతూ ఆయన బృందం 1947లో డైఇథైల్‌కార్బమజీన్‌ను, అంటే హెట్రజాన్‌ను వెలుగులోకి తెచ్చింది. రసాయనంగా అది పైపరజీన్ అనే పదార్థానికి బిడ్డ. ఆ పైపరజీనే 1950ల్లో ఏలికపాముల మందుగా ఇళ్లల్లోకి వచ్చింది. పిల్లలు ఇష్టంగా తాగే తియ్యటి సిరప్‌గా చాలా ఏళ్లు రాజ్యం చేసింది. ఇప్పటికీ బోదకాలు లేకుండా చేయడానికి ఊళ్లల్లో ఇంటింటికీ తిరిగి ఇచ్చే మాత్రల్లో సుబ్బారావు మందూ ఆల్బెండజోలూ పక్కపక్కనే ఉంటాయి. బోదకాలు కోసం వేసుకున్న మనిషికి పేగుల్లోని పురుగులు కూడా కలిసొచ్చినట్టు పోతాయి.

పైపరజీన్ పురుగును చంపదు. దాని కండరాలకు వెళ్లే సంకేతాన్ని అణచివేసి తడిగుడ్డలా వాలిపోయేలా చేస్తుంది. ఎదురీదడం ఆగిపోయిన ఏలికపాము మలంతోపాటు బతికే బయటికి కొట్టుకుపోతుంది. 1960ల్లో వచ్చిన పైరాంటెల్ దీనికి సరిగ్గా వ్యతిరేకం. కండరాల్ని ఆపకుండా రెచ్చగొట్టి పురుగును కట్టెలా బిగుసుకుపోయేలా చేస్తుంది. ఎలా చేసినా పురుగు నిలవలేక బయటికి పోతుంది. కానీ ఈ రెండూ కలిపి వేసుకోకూడదు. ఒకటి వదులు చేస్తుంటే ఇంకొకటి బిగిస్తుంది, రెండూ ఒకదాన్నొకటి చెరుపుకుంటాయి. ఏలికపాములు ఉండచుట్టుకుని పిల్లల పేగుకు కొంత అడ్డుపడినప్పుడు డాక్టర్లు పైపరజీన్ వైపే మొగ్గేవారు. ఆ ముడి బిగుసుకోకూడదు, వదులవ్వాలి మరి.

ఆల్బెండజోల్, మెబెండజోల్ దారి వేరు. వీటి కుటుంబంలో పెద్దన్న థయాబెండజోల్ 1961లో గొర్రెల మందుగా వచ్చింది. మెబెండజోల్ 1970ల మొదట్లో, ఆల్బెండజోల్ మనుషులకు 1980ల్లో. ప్రతి కణంలోనూ ఇంటి దూలాల్లాంటి సన్నని గొట్టాలుంటాయి. వాటిని ట్యూబులిన్ అనే ప్రొటీన్ ఇటుకలతో కడుతుంది కణం. ఈ మందులు పురుగు ట్యూబులిన్‌కు గట్టిగా అతుక్కుని కట్టడాన్ని ఆపేస్తాయి. మన ట్యూబులిన్‌కు అంతగా అతుక్కోవు. మనం క్షేమంగా ఉండటానికి కారణం ఆ చిన్న తేడా. గొట్టాలు కూలిన పురుగు పేగు కణాలు చక్కెరను లోపలికి తీసుకోలేవు. పురుగు నెమ్మదిగా మాడి చస్తుంది. మాత్ర వేసుకున్న రోజు సాయంత్రమే బయటపడలేదని తల్లులు కంగారుపడతారు. ఆ పని జరగడానికి రోజులు పడుతుంది. చిన్న పురుగులైతే కంటికి కనిపించకుండానే వెళ్లిపోతాయి.

మరి ఎంత పనిచేశాయో కొలవడం ఎలా? పేగులోకి తొంగి చూడలేం కాబట్టి మలంలో గుడ్లు లెక్కపెడతారు. 41.7 మిల్లీగ్రాముల మలం పట్టే చిన్న అచ్చులో నింపి, గాజుపలక మీద పరిచి, మైక్రోస్కోప్ కింద గుడ్లు లెక్కించి 24తో గుణిస్తే గ్రాముకు ఎన్నో తెలుస్తుంది. మందు వేసిన రెండు మూడు వారాలకు మళ్లీ చూస్తారు. ఒక్క గుడ్డూ లేకపోతే నయమైనట్టు. ఇది ఒక కొలత. అసలు గుడ్లు ఎంత శాతం తగ్గాయన్నది ఇంకో కొలత. నాకు రెండోదే ఎక్కువ ముఖ్యమనిపిస్తుంది. పురుగుల జబ్బు ఉందా లేదా అన్నదానికంటే ఎన్ని ఉన్నాయన్నది మనిషిని బాధపెట్టే సంగతి. మన దక్షిణాదిలో ఎక్కువగా కనిపించే కొంకి పురుగు ఒక్కొక్కటి రోజుకు 0.03 మిల్లీలీటర్ల రక్తం తీస్తుంది. నాలుగు ఉంటే శరీరానికి తెలియనే తెలియదు. వంద ఉంటే రోజుకు 3 మిల్లీలీటర్లు, నెలకు 90. ఇనుము సరిపడా తినని ఆడపిల్ల ఆ లోటును పూడ్చుకోలేదు. వందను పదికి తెచ్చిన మందు, లెక్కల పట్టికలో నయం కానట్టు కనిపించినా, ఆ పిల్లకు చాలా మేలు చేసినట్టే.

ఇప్పుడు అంకెలు చూద్దాం. ఒకే ఒక్క మోతాదు వేసి చూసిన ఎన్నో పరీక్షల్ని కలిపి 2008లో జెన్నిఫర్ కైసర్, యుర్గ్ ఉట్జింగర్ ఒక లెక్క తీశారు. ఏలికపాము మీద ఆల్బెండజోల్ 88 శాతం మందిని నయం చేసింది, మెబెండజోల్ 95, పైరాంటెల్ 88. ఈదే పురుగు మీద అన్నీ మొనగాళ్లే. కొంకి పురుగుకు వచ్చేసరికి ఆల్బెండజోల్ 72 దగ్గర నిలబడింది. పైరాంటెల్ 31కి పడింది, మెబెండజోల్ 15కి జారిపోయింది. కుట్టుకుపోయే కొరడా పురుగు దగ్గర ఆల్బెండజోల్ 28 శాతమే, మెబెండజోల్ 36. మన బడుల్లో ఆల్బెండజోల్ ఎందుకు ఎంచుకున్నారో కొంకి పురుగు మీద ఆ 72 చెబుతుంది. రక్తం తాగే పురుగు మీద మిగిలిన రెండూ దాని దరిదాపుల్లో లేవు.

అలాగని మెబెండజోల్‌ను చులకన చేస్తే పొరపాటే. ఆ 15 శాతం 500 మిల్లీగ్రాములు ఒక్కసారిగా వేసినప్పటి మాట. తూర్పు ఆఫ్రికా తీరంలోని పెంబా దీవిలో జరిపి 2018లో ప్రచురించిన ఒక పరీక్షలో కొంతమందికి ఒకేసారి 500, మరికొంతమందికి 100 చొప్పున రోజుకు రెండుసార్లు మూడు రోజులు ఇచ్చారు. మొత్తం చూస్తే 600, పెద్ద తేడా లేదు. కొంకి పురుగు ఒక్కసారి వేసినవాళ్లలో 13 శాతం మందిలో పోయింది. మూడు రోజులు వేసినవాళ్లలో 98 శాతం మందిలో! నెమ్మదిగా మాడ్చే మందుకు పురుగు పక్కన గడపడానికి సమయం కావాలి. డాక్టరు మూడు రోజుల మందు రాసినప్పుడు రెండో రోజుకే ఆపేసేవాళ్లు ఈ రెండు అంకెల్నీ ఒకసారి పక్కపక్కన పెట్టుకుని చూడాలని నా మనవి. ఇంట్లో తల్లి మూడు రోజులు ఆరుసార్లు ఇవ్వగలదు. నలభై మంది పిల్లలున్న టీచరు ఇవ్వలేదు. బడికి మంచి మందు, ఇంటికి మంచి మందు ఒకటే కానక్కర్లేదు.

మూటలోంచి ఇంకా కొన్ని తీయాలి. అసలు నులిపురుగు, దారప్పోగులా తెల్లగా ఉండి రాత్రిపూట మలద్వారం దగ్గరికి వచ్చి గుడ్లు పెట్టి దురద పుట్టించేది, ఈ మందులన్నిటికీ తేలిగ్గానే లొంగుతుంది. కానీ ఏ మందూ దాని గుడ్లను నమ్మకంగా చంపదు. అందుకే రెండు వారాల తర్వాత మళ్లీ ఒక మోతాదు వేయాలి, ఇంట్లో అందరూ ఒకే రోజు వేసుకోవాలి, దుప్పట్లు వేడినీళ్లలో ఉతకాలి. పిల్లకు ఒక్కదానికే వేసి ఊరుకుంటే తమ్ముడి గోళ్లలోంచి మళ్లీ వస్తుంది.

బద్దెపురుగుకు ప్రాజిక్వాంటెల్, నిక్లోసమైడ్ వాడతారు. ప్రాజిక్వాంటెల్ రక్తంలోకి వెళ్తుంది, నిక్లోసమైడ్ పేగులోనే ఉండిపోతుంది. పందిమాంసం ద్వారా వచ్చే బద్దెపురుగు ఉన్నవాళ్లలో కొందరికి దాని తిత్తులు మెదడులో కూడా దాగి ఉంటాయి. రక్తంలోకి వెళ్లిన మందు వాటిని తాకితే చుట్టూ వాపు వచ్చి మూర్ఛ రావచ్చు. అలాంటి చోట పేగు దాటని నిక్లోసమైడ్ బలహీనతే దాని బలం. మెదడు తిత్తులకు నేరుగా వైద్యం చేయాలంటే మళ్లీ ఆల్బెండజోల్‌కే వెళ్లాలి, అదీ డాక్టరు కనుసన్నల్లో, వారం రెండు వారాలు, నెయ్యో నూనెనో ఉన్న భోజనంతో. కొవ్వుతో కలిస్తే అది చాలా రెట్లు ఎక్కువగా రక్తంలోకి ఎక్కుతుంది. థైమాల్ రోజుల్లో నూనె శత్రువు, ఇక్కడ నూనె మిత్రుడు.

స్ట్రాంగిలాయిడిస్ అనే ఇంకో పురుగు ఉంది. దాని గుడ్లు పేగులోనే పొదిగి, ఆ పిల్లపురుగులు బయటికి పోకుండానే మళ్లీ మనిషి ఒంట్లోకి దూరతాయి. అలా ఒక మనిషిలో దశాబ్దాలు బతుకుతుంది. ఉబ్బసానికో కీళ్ల నొప్పులకో స్టెరాయిడ్లు వాడితే అది ఒళ్లంతా పాకి ప్రాణం మీదికి తేవచ్చు. దీని మీద బడిలో ఇచ్చే ఒక్క ఆల్బెండజోల్ మాత్ర పనితనం తక్కువ. దీనికి తగిన మందు ఐవర్‌మెక్టిన్. జపాన్‌లో సతోషి ఒమురా సేకరించిన మట్టిలోని సూక్ష్మజీవి నుంచి, అమెరికాలో విలియం క్యాంప్‌బెల్ బృందం తీసింది అది. ఇద్దరికీ 2015లో నోబెల్ బహుమతి వచ్చింది. మొదట దీన్నీ పశువులకే అమ్మారు.

మనుషుల పురుగుల మందుల్లో చాలావరకు అసలు పశువుల కొట్టంలోనే పుట్టాయి. అక్కడ జరిగింది మనం శ్రద్ధగా చూడాలి. మన గొర్రెల కాపరులు ఏడాదికి రెండు మూడుసార్లు మందకు నట్టల మందు పోస్తారు. థయాబెండజోల్ వచ్చిన మూడు నాలుగేళ్లకే గొర్రెల్లో రక్తం తాగే నట్ట దానికి లొంగడం మానేసింది. ట్యూబులిన్‌లో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారితే చాలు, మందు అతుక్కోదు. ఇవాళ చాలా దేశాల మందల్లో ఈ కుటుంబం మందులు దాదాపు పనిచేయవు. మనుషుల పురుగుల్లో అంత స్పష్టంగా ఇంకా కనిపించలేదు గానీ, కొరడా పురుగు మీద ఆల్బెండజోల్ సత్తా తగ్గుతూ వస్తోంది. 2017లో ప్రచురించిన ఒక సమీక్ష ప్రకారం, 1995లో ఒక్క మోతాదుతో గుడ్లు 72.6 శాతం తగ్గేవి, 2015 నాటికి అది 43.4కి పడిపోయింది.

పైగా మందు వేసినంత మాత్రాన మట్టి మారదు. వైద్యం తర్వాత ఆర్నెల్లకు ఎందరికి మళ్లీ సోకిందో లెక్కించిన పరిశోధనల్ని 2012లో ఒకచోట చేర్చారు. ఏలికపాము మొదట్లో ఉన్న స్థాయిలో 68 శాతం, కొరడా పురుగు 67, కొంకి పురుగు 55 శాతం తిరిగి వచ్చేశాయి. ఏడాదికి రెండుసార్లు ఎందుకని అడిగే తల్లిదండ్రులకు జవాబు ఈ అంకెలే. మరుగుదొడ్డి, చెప్పులు, సబ్బు లేని చోట మాత్ర చేసేది పేగును ఖాళీ చేయడమే. తలుపు తెరిచే ఉంటుంది.

ఒక మందు చాలనప్పుడు రెండు కలపాలన్న ఆలోచన సహజంగానే వచ్చింది. కొరడా పురుగు మీద ఆల్బెండజోల్‌కు ఐవర్‌మెక్టిన్ తోడిచ్చి లావోస్‌లో, పెంబాలో, ఐవరీ కోస్ట్‌లో ఒకే పద్ధతిలో పరీక్షించి ఫలితాలు 2022లో ప్రచురించారు. లావోస్‌లో ఆల్బెండజోల్ ఒక్కటే 8 శాతం మందిని నయం చేస్తే జంట 66 శాతం మందిని చేసింది. పెంబాలో 6 నుంచి 49కి పెరిగింది. ఐవరీ కోస్ట్‌లో 10 నుంచి 14 దగ్గరే ఆగిపోయింది. మందు అదే, మోతాదు అదే, లెక్కపెట్టిన తీరూ అదే. మందు పాడైందా, పిల్లలు ఉమ్మేశారా, పురుగు మొండికేసిందా?

పరిశోధకులు ఆ పురుగుల జన్యువుల్ని చదివారు. ఐవరీ కోస్ట్ పిల్లల్లో ఉన్నది మనం ఇన్నాళ్లూ అనుకున్న కొరడా పురుగు కాదు. పందుల్లో ఉండే కొరడా పురుగుకు దగ్గరి చుట్టమైన వేరే జాతి అది. ట్రైక్యూరిస్ ఇన్‌కాగ్నిటా అని పేరు పెట్టారు, అంటే గుర్తుపట్టనిది. మైక్రోస్కోప్ కింద దాని గుడ్డు మామూలు కొరడా పురుగు గుడ్డులాగే రెండు వైపులా మూతలు పెట్టిన నిమ్మకాయలా ఉంటుంది. ఇన్నేళ్లుగా లెక్కించినవాళ్లు రెండు జాతుల గుడ్లనూ ఒకే గడిలో రాస్తూ వచ్చారు.